వైరులో పూలముడి

పాత దీపాలు బాగుచేసేవాడికి ఒక చెడ్డ అలవాటు అంటుకుంటుంది. ఏ ఇంట్లోకి వెళ్ళినా ముందు మనుషుల మొహాలు చూడడు, కప్పు చూస్తాడు. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు నేను పిల్లకంటే ముందు వాళ్ళ నడవలో వేలాడుతున్న ఆకుపచ్చ గాజు డోమును చూశానని నా భార్య ఇప్పటికీ దెప్పుతుంది. అబద్ధమేమీ కాదు. ఎవడో మహానుభావుడు గోడకు సున్నం వేస్తూ ఆ డోముకు కూడా వేసేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల నచ్చిందా అని అడిగితే, బ్లేడు ఉందా, ఆ సున్నం గీకాలి అన్నానట.

ఆమె దెప్పేది ఇంకొకటి ఉంది. ఊళ్ళో అందరి లైట్లూ బాగుచేస్తాను, ఇంట్లో లైటు మాత్రం పట్టించుకోను. మా రెండో అమ్మాయికి పుట్టువెంట్రుకలు తీయించిన ఏడాది, వడమాలపేటలో మా వంటింటి లైటు రెండు నెలలు వెలగలేదు. రేపు, ఎల్లుండి అంటూ నేను రోజులు గడిపాను. అమ్మ బుడ్డిదీపం పెట్టుకుని వండింది. ఆ మధ్యలో మేము జాతరకని మూడు రోజులు మా అత్తగారి ఊరికి వెళ్ళొచ్చేసరికి లైటు వెలుగుతోంది. ఎవరు చేశారని అడిగితే, "దానంతట అదే ఎలిగిందిలేరా" అంది అమ్మ. ఎక్కడో వదులైన వైరు తగులుకుని ఉంటుందిలే, పని తప్పింది అనుకున్నాను. అప్పటినుంచి అది ఒక్కసారి కూడా చెడిపోలేదు.

సాయంత్రం ఆ స్విచ్చు వేసినప్పుడల్లా అమ్మ చేతులు జోడిస్తుంది. దీపం వెలగ్గానే దణ్ణం పెట్టుకోవడం అందరిళ్ళలోనూ ఉన్నదే. అయితే అమ్మ ముందుగదిలో ట్యూబులైటుకు పెట్టదు, వంటింటి లైటుకే పెడుతుంది. ట్యూబులైటు ఏం పాపం చేసిందమ్మా అని నేను నవ్వేవాణ్ణి.

ఇదంతా అర్థం కావాలంటే మా నాయన సంగతి చెప్పాలి. ఆయన కూడా నాలాగే వైరుపనివాడు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు, మద్రాసులో గాజు డోములు తెస్తానని చెప్పి రేణిగుంటలో రైలెక్కాడు. తిరిగి రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఇంట్లో గొడవ లేదు, ఒంట్లో రోగం లేదు. మామయ్యలు మద్రాసంతా తిరిగి వచ్చారు. అమ్మ మాత్రం బొట్టు పెట్టుకుని, సాయంత్రం పూలు కట్టి తలలో పెట్టుకుని, పన్నెండేళ్ళు ఎదురుచూసింది.

పన్నెండేళ్ళు జాడ తెలియని మనిషికి కర్మ చేసేయాలని పెద్దలు తీర్మానించారు. స్వర్ణముఖి ఇసుకలో దర్భలతో మనిషి ఆకారం చేశారు. తలకు కొబ్బరికాయ పెట్టారు. కొడుకును కాబట్టి నేనే నిప్పు పెట్టాను. దర్భలు ఒక్క నిమిషంలో కాలిపోయాయి కానీ కొబ్బరికాయ చాలాసేపు అట్లాగే ఉంది. అది పగిలినప్పుడు వచ్చిన చప్పుడు నా చెవిలోనుంచి ఈనాటికీ పోలేదు. ఇక ఆ మనిషి ఎదురుపడినా గడప తొక్కనీయకూడదని, తొక్కాలంటే మళ్ళీ పుట్టినట్టు తంతులన్నీ చేసి, అదే భార్యతో మళ్ళీ పెళ్ళి చేయాలని పురోహితుడు మామూలుగా చెప్పుకుపోయాడు. ఆ పదిరోజుల్లోనే అమ్మ బొట్టు తీశారు. ఆమె మళ్ళీ పూలదారం పట్టుకోలేదు.

ఆ రోజునుంచి నాకు ఒకటే భయం. ఆయన బతికే ఉంటే? ఉంటే నేను బతికున్న తండ్రికి కొరివి పెట్టినట్టు. ఏటేటా తద్దినం పెట్టి, పెరట్లో అరటాకు మీద కాకులకు అన్నం ఉంచి, కాకి త్వరగా వచ్చి ముట్టుకుంటే బాగుండునని అందరూ ఎదురుచూసేవాళ్ళు. నేను మాత్రం, భయపడుతూనే, ఆయన బతికే ఉండి అది రాకపోతే బాగుండునని అనుకునేవాణ్ణి. ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు.

నాయన చేతిపని గుర్తుపట్టడం సులభం. కప్పునుంచి దీపానికి దిగే వైరుకు గుండ్రటి మూత లోపల ఒక ముడి వేస్తాం. దీపం బరువు ఆ ముడి మీద పడాలి, మూత బిగించే మరల మీద పడకూడదు. పనివాళ్ళందరూ వేసే ముడి ఒకటే. నాయనది వేరు. ఆయనది ఎడమచేతి వాటం. అమ్మ మల్లెలు కట్టేటప్పుడు పక్కన కూర్చుని, ఆమె వేలికి దారం చుట్టి తిప్పి లాగే ముడిని చూసి నేర్చుకున్నాడు. దాన్నే ఎడమచేత్తో వైరుకు వేసేవాడు. "మీ యమ్మ ముడి సూడు, ఎంత లాగితే అంత బిగుస్తాది" అని మురిసిపోయేవాడు. నేను ఎన్నో ఏళ్ళు ప్రయత్నించాను, నాకు రాలేదు. తిరుపతిలోనూ చిత్తూరులోనూ లెక్కలేనన్ని దీపాలు దించాను. ఆ ముడి వేసే ఇంకో మనిషి నాకు తగల్లేదు.

ఆయనకు ఇంకా రెండు అలవాట్లుండేవి. నిచ్చెన ఎక్కేముందు గోడను మూడుసార్లు తట్టేవాడు. తేళ్ళూ కందిరీగలూ ఉంటే బయటికొస్తాయని ఒక కారణం చెప్పేవాడు, ఇంటికి చెప్పి ఎక్కాలని ఇంకో కారణం చెప్పేవాడు. దీపంపైన ఉండే ఇత్తడి గిన్నె గాలికి గలగలమనకుండా దానికింద పేపరు మడిచి దూర్చేవాడు. గోడ తట్టడం నాకు ఆయన దగ్గరనుంచే అబ్బింది.

మొన్నటి ఎండాకాలంలో పూతలపట్టు దగ్గర ఒక పాత బంగళా పని వచ్చింది. ఒకప్పటి పెద్ద రైతుల ఇల్లు. ఇప్పటి కోడలు దాన్ని పెళ్ళి ఫోటోలు తీసుకునేవాళ్ళకు ఇవ్వాలని బాగుచేయిస్తోంది. "అంకుల్, లైట్లు పాతగానే కనిపించాలి, కొత్తగా వెలగాలి" అని ఫోనులో చెప్పింది. అంతమాత్రం చెప్పేవాళ్ళు కూడా ఈ కాలంలో అరుదు. వందేళ్ళ డోమును చెత్తలో పారేసి, కప్పుకు అట్ట కొట్టి, అందులో నాలుగు తెల్ల లైటుబిళ్ళలు పొదిగి అదే అందం అనుకునేవాళ్ళను చూస్తే నాకు తన్నాలనిపిస్తుంది. వెంటనే ఒప్పుకున్నాను.

తాళాలు కాపలా ముసలాయన దగ్గరున్నాయి. వెనక కొట్టంలో ఉంటాడు. కళ్ళు పోయి చాలా ఏళ్ళయింది. వెలుతురు, నీడ మాత్రం తెలుస్తాయి. గోడను తడుముకుంటూ నా వెనకే వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. నేను అలవాటుగా గోడ తట్టాను.

"మళ్ళీ వచ్చినావా అప్పా" అన్నాడు.

"నేను రావడం ఇదే మొదలు తాతా" అన్నాను.

ఆయన చిన్నగా నవ్వి నిచ్చెనను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. ముసలితనం, మతి కుదురుగా లేదు అనుకున్నాను.

వరండాలో మొదటి దీపం మూత విప్పగానే నా చేయి ఆగిపోయింది. గుడ్డ చుట్టిన పాతకాలం వైరు. దానికి పూలముడి. రెండోది విప్పాను, అదీ అంతే. మూడోది కూడా. నేను పుట్టకముందో, నా చిన్నప్పుడో నాయన ఈ ఇంటికి వైరింగు చేశాడన్నమాట. నిచ్చెన మీదే కూర్చుని కాసేపు ఏడ్చాను. అది దుఃఖం కాదు, నిజానికి సంతోషమే. ఆయన ముట్టుకున్న వస్తువులు మా ఇంట్లో కూడా ఇన్ని లేవు.

సంతోషం ఆ ఒక్క రోజే. లోపలి గదుల్లోకి వెళ్ళేకొద్దీ ఇల్లు నాకు నచ్చడం మానేసింది. పట్టపగలు, ఎండ నిలువునా పడుతోంది, అయినా గదుల్లో చల్లగా ఉండేది. కప్పులకు ఎరుపు, నీలం, బంగారు రంగుల గాజుగుండ్లు వేలాడదీశారు. దీపం వెలుతురు వాటిమీద పడి గది అంతా పరుచుకోవడానికి ఆ రోజుల్లో అట్లా కట్టేవాళ్ళు. కుంకుడు రసంలో ముంచిన గుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తుంటే, ప్రతి గుండులోనూ చిన్నగా, వంకరగా నేనే కనిపించేవాణ్ణి. కుడిచేత్తో తుడుస్తుంటే ఆ గుండులో మనిషి ఎడమచేత్తో తుడుస్తున్నాడు. అద్దంలో అంతే కదా అని నాకు తెలుసు. తెలిసినా మెడ వెనక వెంట్రుకలు లేచేవి.

ప్రతి గదిలోనూ ఆయన నాకంటే ముందే వచ్చి పోయినట్టుండేది. నేను ఏ మూత విప్పినా ఆ ముడి నాకోసం కాచుకుని ఉండేది. ఒక గదిలో దీపం తుడిచి దిగి, పక్క గదిలోకి అడుగుపెడితే అక్కడి దీపం మెల్లగా ఊగుతోంది. కిటికీలు మూసే ఉన్నాయి. నేను అప్పుడే మేకు కొట్టిన అదురు గోడలోనుంచి పోయి ఉంటుంది. అట్లా అని నాకు నేనే చెప్పుకుని, ఆ రోజుకు పని చాలించి బస్సెక్కాను.

నాలుగో రోజు పెద్దహాలు. మధ్యలో గాజు పూసల గుత్తులతో పెద్ద షాండ్లియర్. తాళ్ళు కట్టి, కప్పీ మీద మెల్లగా దించాలి. ముందు దాని వైరు కోసేశాను. కోసి, గిన్నె ఎత్తి, మడిచి దూర్చిన పేపరు ముక్కను లాగాను. తర్వాతే ముడి చూశాను. అదే ముడి. కానీ వైరు గుడ్డ చుట్టింది కాదు. ప్లాస్టిక్ తొడుగుతో, ఎరుపూ నలుపూ జంటగా ఉండే వైరు. నాయన ఇల్లు వదిలిన నాటికి మా అంగళ్ళలో ఆ రకం లేదు. నేను పని మొదలుపెట్టి ఎన్నో ఏళ్ళయ్యాక వచ్చింది.

పేపరు విప్పాను. పసుపుపచ్చగా మారిపోయింది, మడతల్లో చిరిగింది. అందులో సెల్‌ఫోను ప్రకటన ఉంది. ఒక అమ్మాయి చెవి దగ్గర ఫోను పెట్టుకుని నవ్వుతోంది. మా నాయన రైలెక్కిన రోజున మా వీధిలో ఒక్క ఇంట్లో కూడా ఫోను లేదు. మేము ఇసుకలో కొబ్బరికాయ పగలగొట్టిన రోజున సెల్‌ఫోను అనే మాట మాకు తెలియదు. నేను నిచ్చెన దిగి నేలమీద కూర్చున్నాను.

"తాతా, ఈ గాజుదీపం ఇంతకుముందు ఎవరు దించినారు?" అని అడిగాను.

"నువ్వే కదప్పా."

"నేను కాదు తాతా. నిజంగా చెప్తా ఉండాను, నేను కాదు."

ముసలాయన తల ఒకవైపు వంచి నా గొంతు విన్నాడు. "అవును. ఆయన గొంతు ఇంకా మెత్తగా ఉండె. ముగ్గురు మనుషులు మాట్లాడేంత నువ్వొక్కడివే మాట్లాడతా ఉండావు" అన్నాడు. "నాకు మొగాలు కనపడవు కదా. గోడ తట్టిన చప్పుడు విని నువ్వే అనుకుంటి. ఇరవై ఏండ్లయిందేమో. ఈ దీపం ఒక పక్కకు ఒరిగిపోయి ఉండె. ఎవురూ పిలవలేదు. ఆయనే నడుసుకుంటా వచ్చి, నేను చేసిన దీపాలు ఎట్లుండాయో సూసి పోదామని వచ్చినా అనె. నాలుగు దినాలు ఈడనే పడుకున్యాడు. దీపం సరిచేసినాడు. పొయ్యే దినం వడమాలపేట బస్సు యాడ నిలుస్తాదని అడిగినాడు. తిరుపతికి పొయ్యి ఆడ మారల్లని సెప్తి."

"తర్వాత మళ్ళీ వచ్చినాడా?"

"వచ్చినాడు. మర్సటి దినం పొద్దుగూకే యాళకు. వడమాలపేటలో పని కాలేదా అంటే, అయింది అన్నాడు. వాకిట్లో కూసుని, సేతిలో ఎండిపోతా ఉన్న అరటాకు మడత పెట్టుకోని సూస్తా ఉండె, నా మనవరాలు సెప్పింది. పొద్దున్నే లేచి సూస్తే లేడు."

వైరు ముక్క జేబులో పెట్టుకుని బయల్దేరాను. తిరుపతిలో బస్సు మారాను. దారి పొడవునా ఒకటే ఆలోచన. ఇరవై ఏళ్ళు అంటే మా రెండో అమ్మాయి పుట్టువెంట్రుకల ఏడాది. నేను జాతరలో తిరుగుతున్న మూడు రోజులు. దానంతట అదే వెలిగిన లైటు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. నా భార్య అంగడికి వెళ్ళింది. అమ్మ వంటింట్లో స్విచ్చు వేసి చేతులు జోడించి నిలబడి ఉంది. నేను మాట్లాడకుండా వెళ్ళి మెయిను దించాను. స్టూలు వేసుకుని ఎక్కి, సెల్‌ఫోను వెలుతురులో మూత మరలు విప్పాను.

"అది ఇప్పొద్దురా" అంది అమ్మ కిందినుంచి.

మూత చేతిలోకి వచ్చింది. పూలముడి. ఎడమచేత్తో వేసింది. ఆ లైటు నేను పెట్టింది, ఆ వైరు నేను లాగింది. ముడి మాత్రం నాది కాదు.

"ఎవురమ్మా ఏసింది?"

"తెలిసే అడగతా ఉండావు" అంది. పెరటి గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది.

"మీరు జాతరకు పొయిన రెండో దినం. మద్యాన్నం. వాకిట్లో గోడ తట్టిన చప్పుడైంది, మూడుసార్లు. నాకు తెలిసిపొయింది. లేసేదానికి కాళ్ళు రాలేదు. ఆయన గడప బయటే నిలబడి సూసినాడు. గోడమీద ఆయన ఫోటో సూసినాడు. దండ సూసినాడు. ఆ తర్వాత నా నొసలు సూసినాడు. నేనేం సెప్పేదిరా?"

"ఆయనేమన్నాడు?"

"వంటింట్లో సీకటిగా ఉండాదే, లైటు ఎలగదా అన్నాడు. అంతే. పెరట్లోకి తిరిగి వచ్చినాడు. ఈ గడప మీద కాలు పెట్టలేదు, దాటినాడు. పురోహితుడు సెప్పిన మాట ఆయనకు ఎవురు సెప్పినారో. లైటు సరిచేసినాడు. అన్నం తినిపో అన్నాను."

నేను స్టూలు దిగి ఎదురుగా కూర్చున్నాను.

"పెరట్లో ఆకు ఏసినాను. ఏసి, అన్నం పెట్టి, నెయ్యి పోసి, అప్పుడు సూసుకున్నాను. ఏటా నువ్వు కాకులకు పెట్టే సోట పెట్టినానురా. కావాలని కాదు. సెయ్యి అలవాటుగా ఆడికే పొయింది. ఆయన ఆకును సూసినాడు, గోడమీద కాకులు వచ్చి కూసోనుంటే వాటిని సూసినాడు. అర్థమైంది. అయినా కూసోని తిన్నాడు. ఒక్క మెతుకు మిగల్సలేదు. ఆకు మడిచి సేత పట్టుకోని పొయినాడు."

"నేను మర్సటి దినమే వస్తాను కదమ్మా! ఉండమని ఒక్క మాట అనకూడదా?" నేను అరిచాను. నా అరుపు నాకే అసహ్యం వేసింది.

"అంటే ఉండేవాడు" అంది అమ్మ. "ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆ దినం ఇసకలో టెంకాయ పగిలినప్పుడు నీ మొగం సూసినాను నేను. కొడుకు కొరివి పెట్టినాడని తెలిసినా ఆయన తట్టుకుంటాడు. ఆయన ఉండాడని తెలిస్తే నువ్వు తట్టుకోలేవు. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవల్సి వచ్చింది. నిన్ను ఎంచుకుంటి."

ఇన్నేళ్ళూ నా భయాన్ని ఎవరికీ తెలియకుండా దాచుకున్నానని అనుకున్నాను. ఆమె దాన్ని మొదటి రోజే చూసింది. దానికోసం మొగుణ్ణి వాకిట్లోనుంచి పంపించేసింది. నేనేమో ఆమె వండుతున్న చోట రెండు నెలలు లైటు కూడా వేయలేదు. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. నాకు యాభై ఆరేళ్ళు.

జేబులోంచి బంగళా వైరు ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమెకు చూపు తగ్గింది. మాలలో పూలు సరిగ్గా పడ్డాయో లేదో చూసినట్టు వేళ్ళతో ముడిని తడిమింది.

"గట్టిగానే ఏసినాడు" అంది.

నేను లేచి మూత బిగించి మెయిను పైకెత్తాను. లైటు వెలిగింది. అమ్మ కూర్చున్నచోటే చేతులు జోడించింది. పక్కనే నిలబడి నేనూ జోడించాను. ఇంతలో నా భార్య వచ్చి, స్టూలు, స్క్రూడ్రైవరు చూసి, ఇన్నాళ్ళకు ఇంటి లైటు గుర్తొచ్చిందా అని నవ్వింది.

ఆయన ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు. ఉంటే ఎనభై దాటి ఉంటాయి. ఏ పాత ఇంటికి పనికి వెళ్ళినా దీపం కంటే ముందు ముడి చూస్తున్నాను. ఇంకెక్కడా కనపడలేదు. మధ్యాహ్నం పూట ఎవరైనా తలుపు తడితే అమ్మా నేనూ ఇద్దరం ఒకేసారి లేస్తాం.

వంటింటి వైరు పాతబడింది. తొడుగు బీటలు వారుతోంది, మార్చకపోతే ప్రమాదమని నాకంటే తెలిసినవాడు లేడు. నా భార్య వారానికోసారి గుర్తుచేస్తోంది. రేపు, ఎల్లుండి అంటున్నాను.